లక్షన్నర బడ్జెట్, 2002 హోండా సిటీ వీటెక్: తెనాలి కారు కేస్ స్టడీ

2024 ఫిబ్రవరిలో మా షెడ్డుకి ఒక హోండా సిటీ లారీ మీద వచ్చింది. తెనాలి నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా అది సొంతంగా నడిచే స్థితిలో లేదు. రిటైరైన మాస్టారి కారు. 2018 చివర్లో వేపచెట్టు కింద పెట్టారు, మళ్లీ తీయలేదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు, "మావయ్యా, తుక్కుకి వేయకు, నేను బాగుచేయించుకుంటా" అని పట్టుబట్టాడు. తుక్కువాడు అప్పటికే పాతిక వేలు చెప్పి వెళ్లాడట.

ఇలాంటివి నెలకి ఒకటైనా వస్తాయి. సగం మందికి నేనే వద్దని చెబుతాను. దీనికి ఒప్పుకున్నది వెనక అద్దం మీద అతికించిన చిన్న 'వీటెక్' అక్షరాలు చూసి. వేగం పెరిగాక వాల్వులను ఇంకా ఎక్కువ తెరిచే హోండా పద్ధతి పేరు అది.

హోండా సిటీ మన దేశంలో 1998లో అమ్మకానికి వచ్చింది. 1.5 లీటర్ల వీటెక్ 2000లో వచ్చింది, 106 బీహెచ్‌పీ. అప్పట్లో మామూలు ఇంటి సెడాన్‌లో అంత దమ్ము అరుదు. 2003లో దాని స్థానంలో వచ్చిన కొత్త సిటీ మైలేజీ కోసం చేసింది, 77 బీహెచ్‌పీ మాత్రమే. పాత బండికి ఇప్పటికీ ఇంత అభిమానం ఉండటానికి ఆ తేడా ఒక పెద్ద కారణం.

మేనల్లుడి దగ్గర ఫోన్లో పెద్ద లిస్టే ఉంది. 17 అంగుళాల అలాయ్‌లు, కిందికి దించే స్ప్రింగులు, సైలెన్సర్ లేని స్ట్రెయిట్ పైపు, ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్చడం). బడ్జెట్ లక్షన్నర. అందులో లక్షా పది వేలు ఆ లిస్టుకే పోతాయి. బ్రేకులు లేని, వేడెక్కే, మూడు సిలిండర్ల మీద నడిచే బండి పెద్ద చప్పుడు చేసుకుంటూ తిరుగుతుంది, అంతే.

"అన్నా, పవర్ పెరగాలి" అన్నాడు.

"106 ఇచ్చి పంపారు కదా బాబూ, అందులో ఇప్పుడు ఎన్ని మిగిలాయో ముందు చూద్దాం" అన్నాను.

ఒప్పందం ఇలా కుదిరింది. మొదట ఆగాలి, తర్వాత చల్లగా ఉండాలి, ఆ తర్వాతే పరుగు. ప్రతి దశ తర్వాత ఒకే కొలత తీయాలి: తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద రెండో గేరులో 50 నుంచి 90 కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లు. ఫోన్ జీపీఎస్‌తో మూడుసార్లు, సగటు రాసుకోవాలి. ఇంజన్ దమ్ము కొలిచే మిషన్, డైనో, మా దగ్గర లేదు. ఈ పద్ధతి ఖర్చు లేనిది, అబద్ధం చెప్పదు. రెండో గేరే ఎందుకంటే ఈ ఇంజన్ అసలు దమ్ము 5 వేల ఆర్పీఎం పైన ఉంది, మూడో గేరులో ఆ ప్రాంతానికి చేరేలోపే వేగం రోడ్డు పరిమితి దాటేలా ఉంటుంది.

ముందు బండిని కదిలించాలి. ఐదేళ్లకు పైగా నిల్వ ఉన్న పెట్రోలు వార్నిష్ వాసన కొట్టింది. ట్యాంకు దించి కడిగించాం, ఫిల్టర్ మార్చాం. పెట్రోలు గొట్టాలు మాత్రం పగలకపోయినా అన్నీ మార్చేశాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2002 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. పైగా ఇథనాల్ ట్యాంకులో పాత మడ్డిని కరిగించి ఫిల్టర్‌లోకి తెస్తుంది, అందుకని రెండో ఫిల్టర్ ముందే కొనిపెట్టుకున్నాం. 800 కిలోమీటర్లకే అది అవసరమైంది కూడా. బ్యాటరీతో కలిపి ఈ దశకి 8,700 అయింది.

బ్రేకులు: ముందు ఎడమ చక్రానికి ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే కాలిపర్ పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయింది. డిస్క్ ప్లేట్లు, ప్యాడ్లు, వెనక డ్రమ్ములకి షూలు, కాలిపర్ రబ్బర్ కిట్లు, నాలుగు రబ్బర్ హోస్‌లు, కొత్త ఫ్లూయిడ్. 13,200. దీని గురించి రాయడానికి ఇంకేం లేదు, ఇక్కడ పైసా తగ్గించకూడదు.

మొదటి కొలత 8.3 సెకన్లు. పక్కన కూర్చున్న కుర్రాడి మొహం వాడిపోయింది. బండి మిస్సింగ్ కొడుతోంది, ఐడ్లింగ్‌లో స్టీరింగ్ వణుకుతోంది. ప్లగ్గులు తీసి, సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టాం. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు 170 పీఎస్ఐ అటూ ఇటూ. మూడోది 115. అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 120. రింగుల దోషమైతే ఆయిల్ పోయగానే గేజ్ బాగా పైకి లేస్తుంది. లేవలేదు, అంటే వాల్వు.

డిక్కీ తెరిచి చూసేసరికి కారణం కూడా దొరికింది. స్టెప్నీ పక్కన గ్యాస్ సిలిండర్. మాస్టారు ఎప్పుడో ఎల్పీజీ కిట్ పెట్టించారు. "పెట్రోలు ఖర్చు భరించలేక పెట్టించానయ్యా, ఏడేళ్లు దాని మీదే తిరిగాను" అన్నారు ఫోన్లో. తప్పు ఆయనది కాదు. గ్యాస్ పొడిగా మండుతుంది, ఇలాంటి ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వు మూసుకున్నప్పుడు ఆనే సీటు మెల్లగా అరిగి, వాల్వు ఇంజన్ పైభాగమైన హెడ్‌లోకి కుంగుతుంది. కుంగినకొద్దీ పైన టాపెట్ గ్యాప్ (వాల్వుకి, దాన్ని నొక్కే రాకర్‌కి మధ్య సందు) తగ్గుతుంది. గ్యాప్ పూర్తిగా పోయాక వాల్వు మూసుకోదు, ఆ సందులోంచి మంట తన్ని అంచు కాలిపోతుంది. గ్యాస్ బండ్లకి టాపెట్ సెట్టింగ్ తరచుగా చూడాలని కిట్ అమ్మేవాళ్లు చెప్పరు.

వాల్వ్ కవర్ తీశాం. ఈ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కి 0.18 నుంచి 0.22 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.23 నుంచి 0.27 మధ్య గ్యాప్ ఉండాలి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వైపు ఫీలర్ గేజ్‌లో అన్నిటికన్నా పలచటి రేకు, 0.05ది కూడా దూరలేదు. మిగతావాటిలో 0.10, 0.12. గ్యాప్ సరిచేసి మళ్లీ కొలిస్తే 115 కాస్తా 140 అయింది. అక్కడితో ఆపి మూసేయొచ్చు, చాలా షెడ్లలో ఆపేస్తారు కూడా. కానీ అంచు కాలిన వాల్వు ఆరునెలలు మించి నిలవదు. టైమింగ్ బెల్ట్ ఎలాగూ మార్చాలి, అది తెగితే ఈ ఇంజన్లో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. సగం పని అక్కడే అయిపోతుంది కదా అని హెడ్ దించేశాం.

దించడానికి ముందు క్రాంక్ పుల్లీ బోల్టుతో అరపూట యుద్ధం. పాత హోండాలు విప్పినవాళ్లకి ఈ బోల్టు పేరు చెబితేనే భుజం నొప్పి. మిగతా బండ్లకైతే పానా నేలకి ఆనించి సెల్ఫ్ ఒక్కసారి కొడితే బోల్టు వదులుతుంది. ఈ ఇంజన్ తిరిగేదే ఎడమకి, అందుకని సెల్ఫ్ కొడితే బోల్టు ఇంకా బిగుస్తుంది. మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు కొట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. పుల్లీని పట్టే షట్కోణం సాకెట్ లేత్‌లో చేయించి, పానాకి ఐదడుగుల పైపు తొడిగి ఇద్దరం వేలాడితే తుపాకీ పేలినట్టు చప్పుడుతో వదిలింది. పక్క షెడ్డు వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

హెడ్ పని ఆటోనగర్‌లోనే, రెండు వీధుల అవతల లేత్ షాపులో. అక్కడి పెద్దాయన్ని నేను బాబాయ్ అంటాను, ముప్పై ఏళ్లుగా వాల్వు సీట్లు కోస్తున్నాడు. ఎగ్జాస్ట్ సీట్లు నాలుగు సిలిండర్లకీ కోశాడు, మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొత్తవి, అన్నిటికీ లాపింగ్ (వాల్వుని సీటు మీద రుద్ది సందు లేకుండా చేయడం), కొత్త వాల్వ్ సీళ్లు, హెడ్ అడుగు చదునుకి కొద్దిగా ఫేసింగ్. తెచ్చుకునే ముందు నేనెప్పుడూ ఒకటి చూస్తాను. హెడ్‌ని తిరగేసి ప్లగ్గులు బిగించి, వాల్వుల మీది గుంటల్లో కిరోసిన్ నిండా పోసి, పోర్టుల్లోకి టార్చ్ వేస్తాను. టీ తాగి వచ్చేసరికి రెండో సిలిండర్ ఇన్‌టేక్ పోర్టులో సన్నటి తడి కనబడింది. "ఇంకొక్కసారి రుద్దు బాబాయ్" అన్నాను. విసుక్కున్నాడు గానీ రుద్దాడు. మళ్లీ పోస్తే చుక్క దిగలేదు.

హెడ్ పని 6,500. గ్యాస్కెట్ సెట్ 5,200. టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు కలిపి 8,400. ఈ ఇంజన్లో వాటర్ పంపుని తిప్పేది టైమింగ్ బెల్టే, అందుకని పంపు బాగున్నా ఒకేసారి మార్చాలి. ఆయిల్ సీళ్లు, ఆయిల్, కూలంట్ 4,300. మొత్తం 24,400. రేడియేటర్ కోర్, ఫ్యాన్ మోటారుకి ఇంకో 5,600. గ్యాస్ కిట్ తీసేశాం. ఆర్సీలో దాని ఎంట్రీ కూడా తీయించుకోమని చెప్పాను, లేకపోతే ఫిట్‌నెస్ రోజు ఆర్సీలో ఒకటి, బండిలో ఒకటి ఉంటుంది.

రెండో కొలత 6.5 సెకన్లు.

కుర్రాడికి అప్పటికే సంతోషం. నాకు మాత్రం 5 వేల ఆర్పీఎం దగ్గర బండి ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. వీటెక్ అక్కడే కదా రావాలి. ఈ ఇంజన్లో ఇన్‌టేక్ వాల్వులకి రెండు రకాల క్యామ్ లోబ్‌లు (వాల్వులను నొక్కి తెరిచే ఉబ్బులు) ఉంటాయి. మామూలుగా చిన్న లోబ్‌ల మీద నడుస్తుంది. వేగం పెరిగాక ఈసీయూ ఒక సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే కవాటం) తెరుస్తుంది, ఇంజన్ ఆయిల్ ప్రెజర్ రాకర్లలోని పిన్నులను నెట్టి అన్నిటినీ పెద్ద లోబ్‌కి కట్టేస్తుంది. వాల్వులు ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెరుచుకుంటాయి. 106లో చివరివి అక్కడి నుంచే వస్తాయి. ఆయిల్ ప్రెజర్ అందకపోతే ఏ సామానూ విరగదు, ఏ చప్పుడూ రాదు. బండి వీటెక్ లేని బండిలా నడుస్తుంది, అంతే. ఏళ్ల తరబడి అలాగే నడుపుతూ "పాతబడింది కదా" అనుకునేవాళ్లని చూశాను.

డాష్‌బోర్డ్ కింద రెండు పిన్నుల సర్వీస్ కనెక్టర్‌ని ముక్క వైరుతో కలిపి కీ ఆన్ చేస్తే చెక్ ఇంజన్ లైటు కోడ్ లెక్కపెడుతుంది. పొడుగ్గా రెండు, పొట్టిగా రెండు. 22. హోండా లెక్కలో 21 అంటే వీటెక్ సోలినాయిడ్ సర్క్యూట్, 22 అంటే వీటెక్ ఆయిల్ ప్రెజర్. హెడ్ వెనక ఉన్న సోలినాయిడ్ మూడు బోల్టులు విప్పి తీశాం. దాని గ్యాస్కెట్‌లోనే టీ వడకట్టే జల్లెడ లాంటి చిన్న మెష్ ఉంటుంది. అది కనిపించలేదు, నల్లటి వెన్నలాంటి మడ్డి మాత్రమే కనిపించింది. గోటితో గీకితే కింద తీగలు బయటపడ్డాయి. సోలినాయిడ్ కార్బ్ క్లీనర్‌తో కడిగి, 12 వోల్టులిచ్చి టక్‌మనడం విని, కొత్త మెష్ గ్యాస్కెట్ వేశాం. ఆయిల్ 500 కిలోమీటర్లకోసారి చొప్పున రెండుసార్లు మార్చాం, లోపలి మడ్డి మళ్లీ అక్కడికే రాకుండా. దీని ఖర్చు పైన రాసిన ఆయిల్ లెక్కలోనే కలిసిపోయింది.

మూడో కొలత 5.8. టాకోమీటర్ ముల్లు 5 వేలు దాటగానే శబ్దం మారింది. కుర్రాడు "అన్నా!" అని ఒక్క కేక పెట్టాడు.

అప్పటికి పవర్ కోసమని పెట్టిన ఖర్చు సున్నా, అంతా రిపేరు ఖర్చే. స్ట్రెయిట్ పైపు గురించి మళ్లీ మాట్లాడటానికి ఇదే సమయం అనుకున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. చప్పుడు, పొగ పరిమితులు వేరే ఉన్నాయి. కాబట్టి మానిఫోల్డ్, పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అలాగే ఉంచి, కన్వర్టర్ తర్వాత తుప్పుపట్టిన పైపు స్థానంలో రెండంగుళాల స్టెయిన్‌లెస్ పైపు, రెసొనేటర్, మంచి మఫ్లర్ చేయించాం. ఒరిజినల్ బాక్సులోనే ఇమిడే ఉతుక్కునే ఎయిర్ ఫిల్టర్. 16,500 అయింది. నాలుగో కొలత 5.7. పదహారున్నర వేలకి ఒక పదోవంతు సెకను. నేను కొట్టివేసే దశ ఏదైనా ఉంటే ఇదే. ఉన్న పైపుకి పాచ్ వేయించి ఆ డబ్బు పెయింటుకి పెట్టాల్సింది. శబ్దం బాగుంది, అది ఒప్పుకుంటాను. రీమ్యాప్ సంగతికి వస్తే, ఆ కాలపు ఈసీయూని ల్యాప్‌టాప్ తగిలించి తేలిగ్గా మార్చే వీలు లేదు, ఆ మాట అక్కడితో ముగిసింది.

స్ప్రింగులు దించడం ఒప్పుకోలేదు. ఈ బండి పుట్టుకతోనే నేలకి దగ్గర, నలుగురు ఎక్కితే తెనాలి రోడ్డు స్పీడ్ బ్రేకర్లకి కింద గీసుకుంటుంది. దానికి బదులు బుష్‌లు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు, ముందు షాకబ్జర్లు కొత్తవి, వెనకవి చెన్నైలో పాత కారు సామాన్లు అమ్మే పుదుపేట నుంచి మంచివి ఏరి తెచ్చాం. 21,500. అరిగిన బుష్‌లు మార్చాక మలుపుల్లో వచ్చే తేడా ఏ దించిన స్ప్రింగూ ఇవ్వదు. పుదుపేటలోనే 14 అంగుళాల అలాయ్‌లు 12 వేలకి దొరికాయి, వాటికి 185/60 ఆర్14 టైర్లు నాలుగు 18,400. సెకండ్స్ అలాయ్‌లు కొనేటప్పుడు నేల మీద దొర్లించి చూస్తే చాలదు, బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించి చూడాలి. మొదట ఏరిన ఐదింటిలో రెండు తల ఊపాయి, వెనక్కి ఇచ్చేశాం.

టింకరింగ్ దగ్గర బడ్జెట్ జారింది. పైకి వెనక మడ్‌గార్డు అంచుల్లో బుడగలు మాత్రమే కనిపించాయి. మేస్త్రి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగబడింది. స్టెప్నీ గుంతలో ఐదు చోట్ల కన్నాలు, కింద నేల కనిపిస్తోంది. వేపాకులు రాలి, తడిసి, కుళ్లి తినేశాయి. పట్టీ పెట్టి నింపేద్దామన్న మాట వచ్చింది, వద్దన్నాను. కుళ్లిన రేకు కోసేసి, కొత్త రేకు సీఓటూ వెల్డింగ్‌తో అతికించి, రెండు వైపులా ప్రైమర్, లోపల అండర్‌కోట్. ఫుల్ బాడీ పెయింటుకి 60 వేలు చెప్పారు. నాలుగు ప్యానెళ్లకే రంగు వేయించాం, 28 వేలు. పాత వెండి రంగుతో కొత్తది అచ్చంగా కలవదు, ఎండలో చూస్తే వెనక డోరు దగ్గర తేడా తెలుస్తుంది. రంగు మార్చలేదు కాబట్టి ఆర్సీలో ఆ గొడవ లేదు.

ఇక నా తప్పు. మే నెల, బండి ఇచ్చేసి వారం. మిట్టమధ్యాహ్నం మేనల్లుడి ఫోన్. వారధి దాటి తాడేపల్లి వైపు బంకులో పెట్రోలు కొట్టించాడు, మళ్లీ స్టార్ట్ కావట్లేదు. సెల్ఫ్ తిరుగుతోంది, అందుకోవడం లేదు. నేను వెళ్లేసరికి సాయంత్రమైంది, ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే. పాత పెట్రోల్లో నానిన పెట్రోలు పంపు కదా, వేడికి నిలిచిపోతోందని తేల్చేసి 4,200 పెట్టి పంపు మార్చాను. రెండు రోజులు బాగుంది. మూడో రోజు ఎండలో మళ్లీ ఆగింది.

అప్పుడు చేయాల్సిన పని మొదటిరోజే చేసి ఉండాల్సింది. మధ్యాహ్నం రెండింటికి అద్దాలు ఎక్కించి బండిని ఎండలో వదిలి, ఆగిపోయాక కూర్చుని విన్నాను. కీ ఆన్ చేయగానే ఈ బండిలో పంపుకి కరెంటు వదిలే స్విచ్, రిలే, టక్‌మని, వెనక పంపు రెండు సెకన్లు గుయ్‌మనాలి. ఏ చప్పుడూ లేదు. పంపుకి కరెంటే వెళ్లడం లేదు. డాష్‌బోర్డ్ కింద ఉండే మెయిన్ రిలే ఊడదీసి మూత విప్పి, భూతద్దం పెట్టి చూస్తే, లావుపాటి రెండు కాళ్ల చుట్టూ సోల్డర్‌లో వెంట్రుక మందాన గుండ్రటి పగులు. చల్లగా ఉంటే అతుక్కుంటుంది, క్యాబిన్ వేడెక్కితే విడిపోతుంది. ఆ కాలపు హోండాల్లో చాలావాటికి ఉన్న జబ్బే ఇది, నాకు తెలియనిదీ కాదు. పాత సోల్డర్ పీల్చేసి కొత్తది వేయడానికి పది నిమిషాలు పట్టింది, ఖర్చు లేదు. పంపు డబ్బులు నేను తీసుకోలేదు.

లెక్క: నా కూలీ 25 వేలతో కలిపి మొత్తం 1,77,500 అయింది. పంపు తీసేస్తే అతను ఇచ్చింది 1,73,300. లక్షన్నర మీద 23,300 ఎక్కువ. తేడా చాలావరకు ఆ స్టెప్నీ గుంతదే. ఆర్సీ ఖర్చు వేరే. 15 ఏళ్లు దాటిన కారుకి ఐదేళ్ల చొప్పున రెన్యువల్, ఫిట్‌నెస్ తప్పవు. మేం చేయించినప్పుడు రెన్యువల్ ఫీజు 5 వేలు. 20 ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టు నుంచి అది 10 వేలు. దానికి తోడు గడువు దాటిన నెలలకి ఆలస్యపు రుసుము పడింది. పాత కారు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజన్ కన్నా ముందు ఆర్సీ గడువు చూడమనేది ఇందుకే.

బండి ఇప్పటికి 11 వేల కిలోమీటర్లు తిరిగింది. 5 వేలకి టాపెట్లు మళ్లీ చూశాను, ఎగ్జాస్ట్ గ్యాప్‌లు కదల్లేదు. ఒకటి మిగిలిపోయింది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూడు నుంచి రెండో గేరుకి దింపితే గర్ర్‌మంటుంది, గేర్లు చప్పుడు లేకుండా కలిసేలా చేసే సింక్రో అరిగింది. పుదుపేటలో సెకండ్స్ గేర్‌బాక్స్‌కి 18 వేలు చెబుతున్నారు. దాని రెండో గేరు ఎలా ఉంటుందో విప్పితే తప్ప తెలియదు కాబట్టి ఇంకా కొనలేదు. ఈలోగా మాస్టారు ఫోన్ చేసి గ్యాస్ కిట్ జాగ్రత్తగా ఉందా అని అడిగారు. షెడ్డు అటక మీదే ఉందని చెప్పాను.